ఏడుపు వినేముందు ముఖం చూడండి: పురిటిబిడ్డ నొప్పిని గుర్తుపట్టడం ఎలా?

నొప్పి ఉంటే బిడ్డ ఏడుస్తుంది, ఏడవకపోతే నొప్పి లేదు. ఈ లెక్కను నమ్మి నేనొకసారి పొరపాటు చేశాను. అప్పుడు నేను నర్సు ఉద్యోగంలో కొత్త. తిరుపతిలోనే ఒక ఆసుపత్రి, పసిపిల్లల వార్డు, నైట్ డ్యూటీ. నెలలు నిండకుండా పుట్టిన ఒక బాబు చేతికి క్యానులా, అంటే నరంలోకి పెట్టే సన్నని గొట్టం సూది ఉంది, సెలైన్ ఎక్కుతోంది. పక్క వార్మర్‌లో, అంటే బిడ్డను వెచ్చగా ఉంచే పడకలో, ఇంకో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే నా సమయమంతా అక్కడే పోయింది. ఈ బాబు మాత్రం కిక్కురుమనలేదు. "వీడు బంగారుకొండ, సతాయించడు" అని మేమంతా మురిసిపోయాం కూడా. తెల్లవారుజామున గుడ్డ మారుద్దామని చూస్తే ఆ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా ఉబ్బి ఉంది. సూది నరంలోంచి జారిపోయి సెలైన్ కండలోకి పోతోంది. అప్పుడు ముఖం చూశాను. కనుబొమల మధ్య ముడి పడి ఉంది. రెండో చేతి వేళ్ళు ఐదూ విచ్చుకుని, పుల్లల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఏడవడానికి వాడికి ఓపిక లేదు, అంతే. చెప్పాల్సింది రాత్రంతా చెబుతూనే ఉన్నాడు. నేను చెవులతో వెతికాను.

నా ఒక్కదాని పొరపాటైతే ఇంత చెప్పేదాన్ని కాదు. 1980ల మధ్య దాకా పెద్ద పెద్ద దేశాల్లో కూడా చాలామంది డాక్టర్లు పురిటిబిడ్డకు నొప్పి సరిగా తెలియదనే అనుకున్నారు. కండరాలు కదలకుండా మందిచ్చి, నొప్పికి మందివ్వకుండానే ఆపరేషన్లు చేసేవారు. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన కన్వల్‌జీత్ ఆనంద్ అనే మనదేశపు డాక్టరు ఆ నమ్మకాన్ని కదిపారు. ఆపరేషన్ చేసేటప్పుడు నొప్పిమందు ఇచ్చిన బిడ్డలు, ఇవ్వనివాళ్ళకంటే బాగా తట్టుకున్నారని ఆయన బృందం 1987లో చూపించింది. బిడ్డ నొప్పిని కొలిచే పద్ధతులు చాలావరకు ఆ తర్వాతే ఒక్కొక్కటిగా వచ్చాయి. వాటిలో ఇంట్లోవాళ్ళు కూడా వాడుకోగలిగిన ఒకదాన్ని, నిప్స్ అనే కొలతను, ఇక్కడ చెబుతాను. పుట్టినప్పటి నుంచి నెల, నెలన్నర వయసు దాకా ఇది పనికొస్తుంది.

మొదటి పని: నొప్పి లేనప్పుడు మీ బిడ్డ ఎలా ఉంటుందో చూసి పెట్టుకోండి

ఈ పని ఎవరూ చెయ్యరు. బిడ్డ ఏడిస్తే చుట్టూ పదిమంది మూగుతారు, హాయిగా ఉన్నప్పుడు ఫోటో తీసుకుని వదిలేస్తారు. బిడ్డ పాలు తాగి, కడుపు నిండి, కళ్ళు తెరిచి నెమ్మదిగా ఉండే పది నిమిషాలు రోజుకు రెండు మూడుసార్లయినా వస్తాయి. అప్పుడు పక్కన కూర్చోండి. నుదురు నున్నగా ఉంటుంది. పిడికిళ్ళు మూసి ఉన్నా వదులుగా ఉంటాయి, మీ వేలు పెడితే దూరుతుంది. మోకాళ్ళు సగం ముడుచుకుని, అప్పుడప్పుడూ ఊరికే ఆడతాయి.

ఊపిరి కూడా ఒకసారి లెక్కపెట్టండి. పొట్ట పైకీ కిందికీ కదలడం చూస్తే చాలు. అయితే నిమిషం మొత్తం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పుతుంది, ఎందుకంటే పసిబిడ్డ కాసేపు గబగబా పీల్చి, కొన్ని సెకన్లు ఆగి, మళ్ళీ మొదలుపెడుతుంది. అది మామూలే. నెమ్మదిగా ఉన్న బిడ్డకు నిమిషానికి 30 నుంచి 59 మధ్య ఉంటే కంగారు లేదు.

నిద్రలో ముఖం చూసి మోసపోకండి. నిద్రపోయే బిడ్డ నవ్వుతుంది, ముఖం చిట్లిస్తుంది, పెదవి విరుస్తుంది. దేవుళ్ళు ఆడిస్తున్నారని మన అవ్వలు అనేది దీన్నే. అవన్నీ ఒకటి రెండు సెకన్లలో మబ్బులా దాటిపోతాయి. నొప్పి ముఖం దాటిపోదు, అక్కడే నిలబడుతుంది.

ముఖం: ఇక్కడే ఎక్కువసేపు ఉండండి

నన్నడిగితే మిగతావన్నీ కలిపినా ముఖమంత సాక్ష్యం కాదు. పై నుంచి కిందికి రండి.

ముందు కనుబొమలు. నొప్పి వచ్చినప్పుడు అవి కిందికి దిగి దగ్గరవుతాయి, మధ్యలో చర్మం చిన్న గుబ్బలా ఉబ్బుతుంది, నిలువు ముడతలు కనిపిస్తాయి. తర్వాత కళ్ళు. మూసుకోవడం వేరు, బిగించి మూసుకోవడం వేరు. రెప్పల చుట్టూ మడతలు పడితే అది బిగించడం. ఇక ముక్కు పక్క నుంచి పెదవి చివర దాకా దిగే గీత. పెద్దవాళ్ళలో వయసుతో వచ్చే గీత అది. బిడ్డకు మామూలుగా ఉండీ లేనట్టుంటుంది, నొప్పి వేస్తే లోతుగా తేలుతుంది. ఈ మూడూ ఒకేసారి కనిపిస్తే గొంతులోంచి శబ్దం రాకపోయినా నొప్పి ఉందనే అనుకోండి. నెలలు నిండని బిడ్డల కోసం ఆసుపత్రుల్లో వాడే ఇంకో కొలతలో ముఖానికి సంబంధించి చూసేది కూడా ఈ మూడింటినే.

నోరు తర్వాత చూడండి. నొప్పిలో నోరు గుండ్రంగా కాకుండా పక్కలకు సాగి, పలకలా నలుచదరంగా తెరుచుకుంటుంది. నాలుక బిగుసుకుని, అంచులు లేచి, మధ్యలో గుంటపడి ప్రసాదం దొన్నెలా కనిపిస్తుంది. ఒకసారి చూస్తే మర్చిపోలేరు. గడ్డం వణకడం కూడా ఉంటుంది గానీ, చలికీ, ఊరికే ఏడ్చినా వణుకుతుంది కాబట్టి దాన్ని మాత్రమే పట్టుకుని నిర్ణయించకండి.

ముఖం చూడాలంటే వెలుతురు కావాలి. మన ఇళ్ళల్లో బాలింతను గాలి తగలని గదిలో, కిటికీ మూసి పెట్టడం అలవాటు. ఉయ్యాల మీద ఇంకో చీర కప్పేస్తారు. లోపల బిడ్డ ముఖం ఎవరికి కనిపిస్తుంది? పగలు కాసేపైనా కిటికీ తెరవండి.

ఏడుపు

"ఆకలేడుపు వేరు, నొప్పేడుపు వేరు పాపా, నాకు తెలీదా" అని నగరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నాతో వాదించింది. సగం నిజం. ఉన్నట్టుండి కెవ్వుమని మొదలై, పైస్థాయిలో సాగి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ కెవ్వుమంటే అది నొప్పి కావచ్చు. ఆకలేడుపు నెమ్మదిగా మొదలై పెరుగుతుంది. దానికి ముందే బిడ్డ తల అటూ ఇటూ తిప్పి రొమ్ము వెతుకుతుంది, చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. కానీ అరగంట ఏడ్చాక ఏ ఏడుపైనా ఒకేలా వినిపిస్తుంది, అవ్వకైనా నర్సుకైనా.

అందుకే శబ్దంతో తేల్చకుండా చేసి చూడండి. పాలు పట్టండి, గుడ్డ తడిసిందేమో చూడండి, ఎత్తుకోండి. ఎండాకాలమైతే చుట్టిన గుడ్డలు వదులు చెయ్యండి. మే నెలలో రేణిగుంట ఎండకు మనమే నిలవలేం, మూడు పొరల్లో చుట్టిన బిడ్డ ఏడవక ఏం చేస్తుంది? వీటితో ఏడుపు ఆగి, ముఖం వదులైతే కథ అక్కడితో సరి. ఎత్తుకున్న కొద్దీ ఏడుపు పెరిగితే మాత్రం ఆలోచించాలి. ఎత్తుకుంటే ఎక్కడో నొక్కుకుని నొప్పి పెడుతోందేమో.

మార్కులు వెయ్యడం

చూసినదాన్ని అంకెగా మార్చుకుంటే టెన్షన్ తగ్గుతుంది, డాక్టరుకు చెప్పడం కూడా తేలిక. పురిటిబిడ్డల కోసం 1993లో ప్రచురించిన నిప్స్ అనే కొలతలో ఆరు అంశాలు, మొత్తం 7 మార్కులు. ఇక్కడ ఎక్కువ మార్కులు రావడం మంచిది కాదు, అంతే తేడా.

ముఖం వదులుగా ఉంటే 0, పైన చెప్పినట్టు బిగుసుకుంటే 1. ఏడుపు లేకపోతే 0, ఆగి ఆగి మూలిగితే 1, గట్టిగా ఆపకుండా ఏడిస్తే 2. రెండు మార్కులున్నది ఈ ఒక్కదానికే. ఊపిరి ఎప్పటిలా ఉంటే 0. వేగం పెరిగినా, ఎగుడుదిగుడైనా, బిగబట్టినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కున్నా 1. చేతులు వదులుగా ఉంటే 0, కర్రలా చాచినా, గట్టిగా ముడుచుకున్నా 1. కాళ్ళకూ అదే లెక్క. చివరిది బిడ్డ తీరు: నిద్రపోతున్నా, మేలుకుని నెమ్మదిగా ఉన్నా 0, కుదురు లేకుండా కొట్టుకుంటుంటే 1. మొత్తం 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నొప్పి ఉన్నట్టు తీసుకుంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. మూడో రోజు బిడ్డకు పరీక్ష కోసం మడమ దగ్గర గుచ్చి రక్తం తీస్తున్నారు. గుచ్చేముందు పదిహేను సెకన్లు చూడండి: అన్నీ సున్నాలు. గుచ్చాక ముప్పై సెకన్లు చూడండి: ముఖం 1, ఏడుపు 2, ఊపిరి 1, చేతులు 1, కాళ్ళు 1, తీరు 1. మొత్తం 7. తల్లి ఎదమీద వేసుకున్న రెండు నిమిషాల తర్వాత ముఖం వదులైంది, సన్నగా మూలుగుతోంది, ఇంకా కుదురుకోలేదు: మొత్తం 2. ఇలా దిగిపోతే అది సూది నొప్పి, అయిపోయింది. సూది తీసేసి పావుగంటైనా 5 దగ్గరే నిలిచిపోతే వేరే కారణం వెతకాలి. ఒక్కసారి వేసిన మార్కుకు విలువ లేదు. ముందు, అప్పుడు, తర్వాత అని మూడుసార్లు వేస్తేనే అది ఏదైనా చెబుతుంది.

(కొత్తగా డ్యూటీలో చేరిన చెల్లెళ్ళకు ఒక మాట. మడమ గుచ్చడం కంటే ఆ తర్వాత రక్తం కోసం పిండడమే బిడ్డను ఎక్కువ ఏడిపిస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళుంటే నరంలోంచి తీయడమే బిడ్డకు తక్కువ నొప్పి.)

మార్కులు తక్కువ వచ్చినా నమ్మకూడని బిడ్డలు

నేను మొదట చెప్పిన బాబుకు ఆ రాత్రి మార్కులు వేసి ఉంటే ఒకటో రెండో వచ్చేవి. నెలలు నిండని బిడ్డకు ముఖం బిగించడానికి కూడా శక్తి కావాలి. జబ్బుతో అలసిపోయిన బిడ్డ, నిద్రమందు ఇచ్చిన బిడ్డ, గొంతులో గొట్టం ఉన్న బిడ్డ, వీళ్ళంతా పెద్దగా ఏడవలేరు. గొట్టం ఉన్న బిడ్డ ఏడ్చినా శబ్దం బయటికి రాదు. నోరు, ముఖం ఏడుస్తున్నట్టు కదిలితే దాన్ని ఏడుపు కిందే లెక్కపెట్టాలి.

ఇంకోటి, గంటల తరబడి, రోజుల తరబడి ఉండే నొప్పి. మొదట ఏడుస్తారు, గింజుకుంటారు. ఎవరూ పట్టించుకోకపోతే కొన్నాళ్ళకు కదలడం మానేస్తారు. ముఖంలో ఏ భావమూ ఉండదు, పలకరిస్తే చూడరు, ముట్టుకుంటే ఉలిక్కిపడతారు, నిద్ర తునకలుగా పడుతుంది. ఇలాంటి బిడ్డను చూసి "బుద్ధిమంతుడు" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఇలాంటప్పుడు విచ్చుకుని బిగిసిన వేళ్ళను చూడండి, మడతపడని కాళ్ళను చూడండి, నిన్నటికీ ఈరోజుకూ తేడా చూడండి. ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బుపడ్డ పసిబిడ్డలను చూసే ప్రత్యేక వార్డులో, బిడ్డ ఉన్న తల్లులను పాలివ్వడానికి పిలుస్తారు కదా, ఆ కాసేపట్లో ఈ తేడా మీకే ముందు తెలుస్తుంది. షిఫ్టు మారే నర్సు బిడ్డను కొన్ని గంటలే చూస్తుంది, మీరు రోజూ చూస్తారు. "సిస్టర్, నిన్న ఇలా లేదు" అని చెప్పడానికి మొహమాటపడకండి.

ఇంట్లో కారణం వెతకడం

బిడ్డను బట్టల్లేకుండా పడుకోబెట్టి తల నుంచి కాళ్ళ దాకా చూడండి. వ్యాక్యూమ్ పెట్టి తీసిన బిడ్డ అయితే తలమీద వాపు ఉండి, ఆ పక్కకు పడుకోబెడితే ఏడవొచ్చు. నోట్లో తెల్లపూత, గజ్జల్లో ఉబ్బు, మర్మాంగం దగ్గర ఒరుసుకుపోవడం, బొడ్డు చుట్టూ ఎరుపు చూడండి. కాలివేళ్ళు, చేతివేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి చూడండి. అమ్మ తలవెంట్రుకో, సాక్సు లోపలి దారమో వేలికి చుట్టుకుని బిగుస్తుంది. వేలు ఎర్రగా వాచి ఉంటుంది గానీ వెంట్రుక కంటికి కనబడదు. తేలిగ్గా రాకపోతే పిన్నీసుతో కెలక్కుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఒక చెయ్యి మాత్రమే కదపకుండా, చొక్కా తొడిగేటప్పుడు ప్రతిసారీ కెవ్వుమంటే, కాన్పులో భుజం దగ్గర ఎముక చిట్లి ఉండొచ్చు. ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఎముక అనగానే మనకు పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. పెద్దవాళ్ళ సంగతి వాళ్ళిష్టం, పురిటిబిడ్డకు మాత్రం కట్టు జోలికి పోకండి. ఆ చిట్లిన ఎముక చాలావరకు రెండు మూడు వారాల్లో తనంతటతానే అతుక్కుంటుంది. చొక్కా చేతిని ఛాతీ మీదికి పిన్నుతో కుట్టినట్టు పెట్టమంటారు, అంతే. చెయ్యి కదపకపోవడానికి, చేతిని కదిలించే నరానికి తగిలిన దెబ్బ కూడా కారణం కావచ్చు, అది తేల్చాల్సింది పిల్లల డాక్టరు.

నొప్పి తగ్గించడానికి మీ చేతిలో ఉన్నవి

టీకా వేయించేటప్పుడు బిడ్డను బల్లమీద పడుకోబెట్టి ఇద్దరు పట్టుకోవడం మనకు అలవాటు. బదులుగా సూదికి రెండు నిమిషాల ముందే రొమ్ము పట్టించి, పాలు తాగుతుండగానే వేయమని ఏఎన్‌ఎంను అడగండి. పొలమారుతుందని కొందరు వద్దంటారు. నెమ్మదిగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అప్పుడు బిడ్డ ఏడుపు తొందరగా ఆగిపోవడం మీరే చూస్తారు. రొమ్ము పట్టని బిడ్డనైతే గుడ్డలు తీసి తల్లి ఎదకు చర్మం తగిలేలా ఆనించుకోండి. అదీ కుదరకపోతే ఒక అరచెయ్యి తలమీద, ఇంకో అరచెయ్యి ముడిచిన కాళ్ళమీద పెట్టి, కడుపులో ఉన్నప్పటిలా దగ్గరగా పట్టుకోండి. జో కొట్టొద్దు, ఊపొద్దు. చేతులు కదలకుండా అలాగే ఉంచాలి.

ఆసుపత్రిలో సూదికి ముందు కొన్ని చుక్కల చక్కెర ద్రావణం నాలుకమీద వేస్తారు. అది చూసి ఇంట్లో పంచదార నీళ్ళు పట్టకండి. అది వాళ్ళు కొలిచి వేసే మందు లాంటిది. తేనె అసలే వద్దు, ఏడాది లోపు బిడ్డకు దానివల్ల ప్రమాదకరమైన జబ్బు రావొచ్చు. నొప్పి చుక్కలు, గ్రైప్ వాటర్, వసకొమ్ము అరగదీసి నాకించడం, ఏదీ డాక్టరును అడక్కుండా ఈ వయసులో వద్దు. ఇక పొట్టమీద చురకలు వెయ్యడం. ఈ రోజుల్లో ఎవరేస్తారులే అనుకోకండి, ఆ మచ్చలతో వచ్చిన బిడ్డను నేను చూశాను. నొప్పి తగ్గించాలని ఇంకో నొప్పి పెట్టారు.

మార్కులు పక్కన పెట్టి పరుగెత్తాల్సినవి

పాలు తాగడం మానేసినా, పచ్చని వాంతి చేసుకున్నా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, ఫిట్స్ వచ్చినా, నడినెత్తి ఉబ్బినా, ఊపిరి నిమిషానికి 60 గానీ అంతకు మించి గానీ ఉన్నా, ఒళ్ళు వేడెక్కినా, చల్లబడినా, ముట్టుకుంటే తప్ప కదలకపోయినా ఆలస్యం చెయ్యకండి. ఒళ్ళు వేడెక్కడమంటే 37.5 డిగ్రీల సెల్సియస్ గానీ అంతకు మించి గానీ, ఇళ్ళల్లో వాడే ఫారెన్‌హీట్ థర్మామీటర్‌లో అయితే 99.5. కదులుతున్నది ఫిట్సా ఊరికే వణుకా అని అనుమానమైతే ఆ చెయ్యి మెల్లగా పట్టుకోండి. పట్టుకోగానే ఆగితే చాలావరకు వణుకే. ఆగకపోతే 108కు ఫోన్ చెయ్యండి. తిరుపతి దగ్గరున్నవాళ్ళకు రుయా ప్రభుత్వాసుపత్రి ఉంది, చిత్తూరు వైపు వాళ్ళకు జిల్లా ఆసుపత్రి ఉంది. దారిలో బిడ్డను ఎదకు ఆనించి వెచ్చగా ఉంచండి.

డాక్టరు దగ్గర "ఒకటే ఏడుపండీ" అని ఆపేయకండి. ఎప్పుడు మొదలైంది, దేనికి పెరుగుతోంది, దేనికి తగ్గుతోంది, ఆఖరున పాలు ఎప్పుడు తాగింది, ఒంటికి ఎప్పుడు పోసింది, మీరు వేసిన మార్కులెన్ని, ఇవి చెప్పండి. ఏడుపు ఆసుపత్రి గుమ్మం దగ్గరికి రాగానే ఆగిపోవడం మామూలే కాబట్టి, ఇంట్లోనే ఫోన్‌లో ముప్పై సెకన్ల వీడియో తీసి పెట్టుకోండి. చొక్కా విప్పి, లైటు వేసి, ముఖంతోపాటు రెండు చేతులూ రెండు కాళ్ళూ కనపడేలా తీయండి.